నల్లమలలో నడక, గుడారం: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అచ్చంపేట వైపు, అడవి అంచు ఊరు. దసరా దగ్గరికొస్తే చాలు, పాలమూరు నుంచి, నల్గొండ నుంచి, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే మేనల్లుళ్ల స్నేహితుల నుంచి ఫోన్లు మొదలవుతాయి. అందరివీ దాదాపు అవే ప్రశ్నలు. చెప్పి చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఒక్కచోట రాసిపెట్టాను. టికెట్ల ధరలు, సఫారీ వేళలు మారుతుంటాయి, వాటి జోలికి పోలేదు. గది బుక్ చేసేటప్పుడు అటవీశాఖ వెబ్‌సైట్‌లోనే కనిపిస్తాయి.

నల్లమల అంటే శ్రీశైలమే కదా? మన వైపు ఏముంది?

శ్రీశైలం కృష్ణకు అవతలి ఒడ్డు. ఇవతల నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో పరుచుకున్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 2014కు ముందు రెండు ఒడ్లూ కలిపి ఒకటే రిజర్వు. రాష్ట్రం వేరుపడ్డాక మన వైపు భాగం అమ్రాబాద్ పేరుతో విడిగా ఏర్పడింది. చుట్టూ ఉండే బఫర్ అడవితో కలిపితే 2,600 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. హైదరాబాద్-శ్రీశైలం రోడ్డు దీని మధ్య నుంచే పోతుంది. అందుకే చాలామంది కారు అద్దంలోంచి చూసి, కోతులకు అరటిపండ్లు విసిరి, "నల్లమల చూసినం" అంటారు. అరటిపండ్ల సంగతి కిందకు వచ్చాక చెబుతాను.

అడవిలో మనకు నచ్చిన చోట టెంటు వేసుకోవచ్చా?

వేసుకోకూడదు. నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే, జవాబు విని ఎక్కువమంది నిరాశపడేదీ ఇక్కడే. ఇది పులుల అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోవడమే నేరం. ఇక లోపల రాత్రి పడుకోవడం, మంట పెట్టడం గురించి చెప్పేదేముంది? "మా ఫ్రెండ్స్ పోయినేడు వేసుకున్నరు, ఎవరూ అడగలేదు" అని ఒకరిద్దరు వాదిస్తారు. పట్టుబడనివాళ్లే కథలు చెప్పుకుంటారు, పట్టుబడ్డవాళ్లు చెప్పుకోరు. అంతే తేడా.

చట్టం సంగతి పక్కన పెట్టినా నేను ఒప్పుకోను, దానికి వేరే కారణం ఉంది. ఇది ఆకురాల్చే అడవి. మాఘమాసం దాటితే నేలంతా ఎండుటాకులు, నడుము ఎత్తు ఎండిన బోద గడ్డి. ఒక్క బీడీ ముక్క చాలు, గుట్టలకు గుట్టలు కాలిపోతాయి. ఎండాకాలం అంతా అటవీశాఖ వాచర్లు మంట దాటకుండా గడ్డి తీసేసి ఫైర్ లైన్లు గీసుకుంటూ, కొమ్మలతో మంటలు కొడుతూ తిరుగుతారు. ఆ పని ఒక్కసారి దగ్గరి నుంచి చూసినవాళ్లెవరూ అడవిలో క్యాంప్‌ఫైర్ అనే మాట ఎత్తరు.

మరి రాత్రి ఎక్కడ ఉండాలి? గుడారంలో పడుకోవాలని పిల్లలు పట్టుబడుతున్నారు.

రెండు దారులున్నాయి.

మొదటిది, మన్ననూరులో అటవీశాఖ వాళ్లవే కాటేజీలు. బస, సఫారీ, గైడుతో నడక కలిపి ప్యాకేజీగా ఇస్తారు. వెబ్‌సైట్‌లో ముందే బుక్ చేసుకోవాలి. శని, ఆదివారాలు త్వరగా అయిపోతాయి, వీలైతే మంగళ, బుధవారాలు పెట్టుకోండి. అడవిని వినాలనుకుంటే ఇదే మంచిది. చీకటిపడ్డాక వరండాలో లైటు ఆపేసి పది నిమిషాలు కూర్చోండి. దుప్పి హెచ్చరిక కేక, దూరంగా నెమలి, పైకప్పు మీద ఏదో గీకిన చప్పుడు వినిపిస్తాయి. పిల్లలు గుడారం మాటే మర్చిపోతారు.

రెండోది, నిజంగా గుడారమే కావాలంటే అడవి బయట కృష్ణ ఒడ్డు. కొల్లాపూర్ దగ్గర సోమశిల ఉంది. శ్రీశైలం వెనుక జలాలు అక్కడ సముద్రంలా పరుచుకుంటాయి. పర్యాటకశాఖ కాటేజీలు, పడవలు ఉన్నాయి. ఎండాకాలంలో నీళ్లు బాగా తగ్గితే అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. నల్గొండ వైపు వాళ్లకు దేవరకొండ దాటాక నాగార్జునసాగర్ వెనుక జలాల మీద వైజాగ్ కాలనీ దగ్గర. పేరుకే వైజాగ్, ఉన్నది నల్గొండ జిల్లాలోనే. అక్కడ చేపల వేపుడు కోసం పోయేవాళ్లే సగం మంది. రెండు చోట్లా స్థలం ఎవరిదో కనుక్కొని, వాళ్లను అడిగి, ఊరికి దగ్గరగా వేయండి. నీళ్లకు మరీ ఆనుకుని వద్దు. రాత్రికి రాత్రి మట్టం పెరగొచ్చు. కృష్ణలో మొసళ్లున్నాయి కాబట్టి చీకట్లో ఈత సరదాలూ వద్దు.

ఏ నెలలో రావాలి?

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు. అందులోనూ నా ఓటు దీపావళి తర్వాతి మూడు నాలుగు వారాలకే. వాగుల్లో ఇంకా నీళ్లుంటాయి, ఆకు పచ్చగా ఉంటుంది, ఎండ కొట్టదు, రోడ్డు పొడుగునా సీతాఫలాలు అమ్ముతుంటారు. డిసెంబరు, జనవరిలో రాత్రిళ్లు చలి గట్టిగానే ఉంటుంది. పాలమూరు ఎండలకు అలవాటైనవాళ్లు దుప్పటి లేకుండా వచ్చి వణుకుతుంటారు.

వానాకాలంలో, జులై నుంచి సెప్టెంబరు వరకు, కోర్ అడవిలో, అంటే లోపలి అడవిలో, సఫారీలు మూసేస్తారు. అది జంతువులు పిల్లలతో తిరిగే కాలం, దారులూ కొట్టుకుపోతాయి. మార్చి దాటితే ఎండ 40 డిగ్రీలకు ఎగబాకుతుంది. అయితే జంతువులు కనబడేది కూడా అప్పుడే. కుంటలు ఎండి, మిగిలిన కొద్ది నీళ్ల దగ్గరికి అన్నీ చేరతాయి. చూడటానికి రావాలంటే ఎండాకాలం, నడవడానికి రావాలంటే చలికాలం. రెండూ ఒకేసారి దొరకవు.

దారి ఎటు? బస్సు ఉందా?

హైదరాబాద్ నుంచి కడ్తాల్, ఆమనగల్, కల్వకుర్తి, డిండి, హాజీపూర్, మన్ననూరు. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల మీదుగా కల్వకుర్తి వచ్చి ఇదే రోడ్డు ఎక్కొచ్చు, లేదా నాగర్‌కర్నూల్ మీదుగా అచ్చంపేట రావచ్చు. నల్గొండ వాళ్లు దేవరకొండ మీదుగా డిండి దగ్గర కలుస్తారు. హైదరాబాద్-శ్రీశైలం బస్సులన్నీ మన్ననూరు మీదుగానే పోతాయి. పెట్రోలు కల్వకుర్తిలోనో అచ్చంపేటలోనో నిండా కొట్టించుకోండి.

రాత్రి గేటు మూస్తారట, నిజమేనా?

నిజమే. ఈ ఒక్క జవాబు చదివి మిగతావి వదిలేసినా నాకు ఫర్వాలేదు. మన్ననూరు చెక్‌పోస్టు నుంచి శ్రీశైలం ముందు వచ్చే దోమలపెంట వరకు అడవి రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను పోనివ్వరు. బండ్ల కింద పడి చచ్చే జంతువుల కోసమే ఈ నియమం.

ఆరేళ్ల కిందట మేం రెండు కార్లలో శ్రీశైలం బయల్దేరాం. అవతల గదులు బుక్ అయ్యాయి. కల్వకుర్తి దాటాక రోడ్డు పక్క హోటల్లో మా బావ "ఇంకో చాయ్ తాగుదాం, ఏం తొందర" అన్నాడు. ఆ ఇంకో చాయ్ పుణ్యమా అని 9 దాటి 10 నిమిషాలకు గేటు ముందు నిలబడ్డాం. కాళ్లావేళ్లా పడ్డాం, పెద్దమనుషుల పేర్లు చెప్పాం, పసిపిల్లలను చూపించాం. గేటు దగ్గరి అతను విసుక్కోకుండా, "అన్నా, ఇగో గేటు ఇడుస్తే రేపు సచ్చిన దుప్పిని నేనే మొయ్యాలె" అన్నాడు. దాంతో మా నోళ్లు మూతపడ్డాయి. రాత్రంతా కార్లలోనే, దోమలతో. మా బావ ఇప్పటికీ ఆ రోడ్డు మీద చాయ్ తాగడు.

కాబట్టి చీకటి పడేలోపు మన్ననూరు చేరేలా లెక్క వేసుకోండి. తిరుగు ప్రయాణానికీ అదే లెక్క. సాయంత్రం 7 తర్వాత శ్రీశైలంలో బయల్దేరి "అందుకుందాంలే" అంటూ ఘాట్ రోడ్డు మీద వేగంగా తోలడం కన్నా, అక్కడే పడుకొని పొద్దున బయల్దేరడం మేలు.

మొదటిసారి వచ్చేవాళ్లం. ఏ నడక మంచిది?

ఉమామహేశ్వరంతో మొదలుపెట్టండి. అచ్చంపేట పక్కన రంగాపూర్ దగ్గర ఉంటుంది. శ్రీశైలానికి నాలుగు ద్వారాలని పెద్దలు చెబుతారు కదా, తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఇదే. పెద్ద బండ కొంగు చాపినట్టు గుడి మీదికి వంగి ఉంటుంది. పాపనాశనం దగ్గర ఏడాది పొడుగునా రాతిలోంచి నీళ్లు ఊరుతుంటాయి. బండి పైదాకా పోతుంది, కానీ కింది నుంచి మెట్లెక్కితే మీ మోకాళ్ల సంగతి మీకే తెలిసిపోతుంది.

ఆ తర్వాత మన్ననూరు నుంచి ఫరహాబాద్ సఫారీ. నిజాం కాలంలో అది వేట విడిది. ఆ కట్టడాలు ఇప్పుడు శిథిలాలు. వ్యూపాయింట్ నుంచి కిందికి చూస్తే అడవి ఎంత లోతో తెలుస్తుంది. ప్రతాపరుద్రుని కోట గుట్ట నడక గైడు ఉంటేనే.

మల్లెలతీర్థం వటవర్లపల్లి నుంచి లోపలికి. బండి ఆపాక 300కు పైగా మెట్లు దిగాలి. వానలు వెనకబట్టాక జలపాతం చూడముచ్చటగా ఉంటుంది, ఎండాకాలానికి దారంలా సన్నబడుతుంది. కింద గుండం పైకి కనిపించినంత బుద్ధిమంతురాలు కాదు. రాళ్ల మీద నాచు, లోతు తెలియదు, అక్కడ మునిగి చనిపోయినవాళ్లున్నారు. కాళ్లు కడుక్కొని, ఫొటో దిగి, మెట్లెక్కండి.

మెట్లేగా, గుట్టలేగా! జిమ్‌కు పోతున్నాను, నాకేం కష్టం?

నల్లమల గుట్టలు తలకిందుల గుట్టలు. వేరే చోట పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎక్కి, అలిసిపోయాక దిగుతాం. ఇక్కడ బండి ఆగేది పీఠభూమి మీద. చూడాల్సినవన్నీ లోయల్లో. దిగేటప్పుడు హాయిగా, పాటలు పాడుకుంటూ దిగుతాం. మధ్యాహ్నం ఎండలో, సగం సీసా నీళ్లతో, ఎక్కడం మిగులుతుంది. బయటివాళ్లు మోసపోయేది ఇక్కడే.

మల్లెలతీర్థంలో నల్గొండ నుంచి వచ్చిన మా స్నేహితుడొకడు, కండలు తిరిగినవాడే, ఎక్కేటప్పుడు సగంలో కూలబడ్డాడు. పక్క నుంచి ఓ ముసలమ్మ సీతాఫలాల గంప నెత్తిన పెట్టుకొని ఎక్కుతూ, "ఏంది బిడ్డా, దిగేటప్పుడు ఉరికినవ్ గద" అని ఓ పండు చేతిలో పెట్టి పోయింది. వాడు దాన్ని తిన్నాడు కూడా.

నా లెక్క ఇది: దిగడానికి పట్టిన సమయానికి రెట్టింపు ఎక్కడానికి పెట్టుకోండి. లోయ అడుగుకు చేరేసరికి సగం నీళ్లు మిగిలి ఉండాలి. 11 గంటలకల్లా తిరుగు మెట్టు ఎక్కడం మొదలుపెట్టాలి.

వచ్చే ముందు మూడు నాలుగు ఆదివారాలు కాళ్లు సాగదీయండి. మన జిల్లాల్లో దానికి కోటలు ఉండనే ఉన్నాయి. పాలమూరు వాళ్లకు కోయిలకొండ, వనపర్తి వైపు వాళ్లకు ఖిల్లా ఘనపురం, నల్గొండ వాళ్లకు దేవరకొండ. భువనగిరి ఏకశిల దగ్గరివాళ్లకైతే అదృష్టమే. 2014 మేలో ఎవరెస్టు ఎక్కిన పూర్ణ, ఆనంద్ రాళ్లెక్కడం నేర్చుకున్నది ఆ బండ మీదే. ఒక్క తేడా గుర్తుంచుకోండి. కోటలవి గ్రానైటు బండలు, చెప్పు పట్టు దొరుకుతుంది. నల్లమలలోవి పొరలు పొరలుగా పగిలే క్వార్ట్‌జైట్ రాళ్లు. అంచులు పదును, తడిస్తే జారుడు, అడుగు వేస్తే పలకలు కదులుతాయి. మడమ పైదాకా పట్టుకునే బూట్లు కొనమని నేను చెప్పేది అందుకే. కొత్త బూట్లతో మాత్రం రావద్దు, నెలరోజులు బజారుకు వేసుకొని తిరిగి రండి.

సలేశ్వరం వీడియోలు చూశాం. వచ్చే ఆదివారం పోవచ్చా?

పోలేరు. సలేశ్వరం దారి ఏడాదికి ఒక్కసారే, చైత్ర పౌర్ణమి చుట్టూ జరిగే జాతరకు కొన్ని రోజులే తెరుస్తారు. మిగతా రోజుల్లో అది పూర్తిగా పులుల ఇల్లు.

జాతరకు రావాలనుకుంటే చెబుతాను. ఫరహాబాద్ దారిలోంచి లోపలికి పోయి, బండి ఆగిన చోటి నుంచి 5 కిలోమీటర్ల వరకు నడక. గుట్ట దిగి, లోయ దాటి, కొండ చరియ అంచున మనిషి పట్టేంత దారిలో పోవాలి. చివర ఎత్తు నుంచి పడే నీళ్లు, దాని పక్క గుహలో లింగమయ్య. పోయేటప్పుడు "వస్తున్నం లింగమయ్యో", వచ్చేటప్పుడు "పోతున్నం లింగమయ్యో" అని జనం అరుస్తుంటే లోయంతా మారుమోగుతుంది. పూజారులు చెంచులే.

భక్తి సంగతి మీ ఇష్టం, శరీరం సంగతి నేను చెబుతాను. అది ఏప్రిల్ ఎండ. ఇరుకు దారిలో ఎదురెదురు జనం. పౌర్ణమి రోజే పోవాలని పట్టు పట్టకండి, మొదటి రోజు తెల్లవారుజామునే పోయి రండి. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లను ఇంటి దగ్గరే ఆపండి, మొహమాటం వద్దు. దారి పొడుగునా దాతలు నీళ్లు, మజ్జిగ, పులిహోర పెడతారు కానీ దాని మీద ఆధారపడి ఖాళీ చేతులతో దిగకండి. ఇరుకు చోట జనం ఆగిపోతే నెట్టకుండా, అంచు వైపు కాకుండా కొండ వైపు ఒరిగి నిలబడండి.

నీళ్లు ఎన్ని మోయాలి?

చలికాలం పగటి నడకకు మనిషికి 3 లీటర్లు, మార్చి దాటితే 4. బరువని తగ్గించకండి, తాగుతుంటే అదే తగ్గుతుంది. వాగు నీళ్లు మరిగించకుండా తాగొద్దు. చెంచు పిల్లలు ఇసుకలో చెలిమె తోడుకొని తాగుతారు. వాళ్ల పొట్ట వేరు, మన పొట్ట వేరు. రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు జేబులో ఉంటే మంచిది. తలనొప్పి మొదలై చెమట ఆగిపోయిందంటే అది అలసట కాదు, వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, బట్టలు తడిపి, విసురుతూ 108కి చెప్పాలి.

తిండి సంగతి?

సద్ది కట్టుకోండి. జొన్నరొట్టెలు రెండో రోజుకూ పాడుకావు, పల్లి పొడో ఎల్లిపాయ కారమో ఉంటే కూర అవసరమే లేదు. పులిహోర పొద్దున చేస్తే సాయంత్రం దాకా నిలుస్తుంది. పల్లీలు, బెల్లం నడుస్తూ తినొచ్చు. చిప్స్ ప్యాకెట్లు తెస్తే దాహం పెంచుతాయి, పైగా ఆ కవర్లను మళ్లీ మీరే మోసుకుపోవాలి. వేడి భోజనం మన్ననూరులో రోడ్డు మీది హోటళ్లలో దొరుకుతుంది. సోమశిలలో గుడారం వేసినా పొయ్యికి చిన్న గ్యాస్ స్టవ్ తెచ్చుకోండి, కట్టెలు ఏరొద్దు.

ఇక అరటిపండ్లు. రోడ్డు మీద కోతులకు ఏమీ పెట్టొద్దు. తిండి కోసం అవి అడవి వదిలి రోడ్డు పక్కనే కాపురం పెడతాయి, బండ్ల కింద పడతాయి. మనం పుణ్యం అనుకునేది వాటి ప్రాణం మీదికి వస్తుంది.

పులి ఎదురైతే?

ముందు మీకు అంత అదృష్టం ఉండాలి. అడవి అంచున పుట్టి పెరిగిన నాకు పాదముద్రలు చాలాసార్లు కనబడ్డాయి, పులి మాత్రం ఒక్కసారి, అదీ తోక. ఎదురైతే పరుగెత్తొద్దు, వీపు చూపొద్దు. అందరూ దగ్గరగా చేరి, పిల్లలను మధ్యలో పెట్టుకొని, దాన్నే చూస్తూ మెల్లగా వెనక్కి జరగాలి.

నాకు భయమల్లా ఎలుగుబంటితోనే. దానికి చూపు అంతంతమాత్రం. పుట్ట తవ్వే పనిలో మునిగిపోతే మన అలికిడి కూడా వినదు. దగ్గరికొచ్చాక ఒక్కసారిగా చూసి బెదిరి మీద పడుతుంది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్ప పువ్వు రాలే చోట్ల, తెల్లవారుజామున, మునిమాపు వేళ ఎక్కువ. అందుకే మలుపుల దగ్గర మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ నడవాలి. అరుపులు వద్దు, బ్లూటూత్ స్పీకర్ అసలే వద్దు.

పాములు, తేనెటీగలు?

నాగుపాము, కట్లపాము, రక్తపింజర అన్నీ ఉన్నాయి. కనబడని చోట చెయ్యి పెట్టొద్దు, కాలు పెట్టొద్దు. రాయి మీద కూర్చునే ముందు కర్రతో తట్టండి. చీకట్లో టార్చి లేకుండా పది అడుగులు కూడా వెయ్యొద్దు. బూట్లు దులిపి తొడుక్కోండి. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏదీ చేయొద్దు. మనిషిని నడిపించకుండా, కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రకట్టు కట్టి, అచ్చంపేట ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోండి. పసరు వైద్యం పేరుతో గంట పోగొట్టుకుంటే ఆ గంట మళ్లీ రాదు.

కొండ తేనెటీగలు చరియలకు పెద్ద పెద్ద పట్లు పెడతాయి. వాటికి పొగ, ఘాటు సెంటు గిట్టవు. ఒకసారి మా గుంపులో కుర్రాడు గుప్పున సెంటు కొట్టుకొచ్చాడు. గైడుగా వచ్చిన చెంచు పెద్దాయన ముక్కు చిట్లించి, "సారూ, అడివిల మీ వాసనే వస్తుంది, ఇంకేం గనవడ్తది" అని, వాగులో చొక్కా ఉతుక్కునేదాకా కదలలేదు. తేనె తీయడానికి చరియ మీది నుంచి తాడు కట్టుకొని దిగేటప్పుడు పైన ఆ తాడు బావమరిది చేతిలోనే పెడతామని కూడా ఆయనే చెప్పాడు. అక్క మెడలో తాళి ఉండాలని కోరుకునేవాడు తాడు వదలడు కదా!

పశువులు తిరిగే గడ్డిలో పిడుదులుంటాయి. సాయంత్రం మోకాలి వెనక, చంకల్లో, నడుము దగ్గర చూసుకోండి.

చెంచు పెంటలకు పోయి చూడొచ్చా?

పెంట అంటే చెంచుల ఊరు. అప్పాపూర్, రాంపూర్ లాంటివి అడవి నడిమధ్యన ఉన్నాయి. అనుమతి లేకుండా పోకూడదు. అనుమతి ఉన్నా, మనం పోయేది ఒకరి వాకిట్లోకి. మీ అపార్ట్‌మెంట్‌కు తెలియనివాళ్లు వచ్చి, తలుపు తోసి, అన్నం తింటున్న మీ అమ్మను ఫొటో తీస్తే ఎట్లుంటుంది? పెద్దవాళ్లను "తాతా", "అవ్వా" అని పలకరించండి. ఫొటోకు ముందు అడగండి, వద్దంటే కెమెరా లోపల పెట్టండి. పిల్లలకు చాక్లెట్లు పంచుతూ వీడియోలు తీసుకోవడం నాకు నచ్చదు. ఇవ్వాలనిపిస్తే వాళ్లు అమ్మే తేనె బేరమాడకుండా కొనండి. పులి జాడ తీసే ట్రాకర్లుగా, వాచర్లుగా పనిచేసేది చాలావరకు వీళ్లే. మీ గైడు చెంచు అయితే మీ అదృష్టం. ముందు నడిచేటప్పుడు ఆయన్ను దాటి పోకండి.

ఏం తేకూడదు?

ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ అభయారణ్యంలో నిషేధం. స్టీలు సీసాలు, డబ్బాలు తెచ్చుకోండి. మద్యం, టపాసులు, డ్రోన్లు వద్దు. మెరిసే రంగుల బట్టలు కాకుండా మట్టి రంగు, ఆకు రంగువి వేసుకోండి.

ఏం సర్దుకోవాలి?

పొడుగు చేతుల నూలు చొక్కా, టోపీ లేదా తువ్వాల, టార్చి, దానికి వేరే బ్యాటరీలు, విజిల్, దూది, కట్టుగుడ్డ, మీ రోజువారీ మందులు, గుర్తింపు కార్డు, చేతిలో కొంత నగదు. మన్ననూరు దాటాక ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఎక్కడికి పోతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ వేళ దాటితే వాళ్లు ఎవరికి ఫోన్ చేయాలో కూడా అదే కాగితం మీద రాయండి. టెన్షన్ సగం తగ్గుతుంది, మీకూ వాళ్లకూ.

అమ్మానాన్నలకు అరవై దాటింది. తీసుకురావచ్చా?

ఉమామహేశ్వరం, సఫారీ, సోమశిల పడవ, దోమలపెంట దారిలో ఆక్టోపస్ వ్యూపాయింట్ వరకు నిశ్చింతగా తీసుకురండి. కృష్ణ వంపులు ఆక్టోపస్ కాళ్లలా కనిపిస్తాయని ఆ పేరు. మల్లెలతీర్థం మెట్ల దగ్గర మాత్రం వాళ్లను పైనే కూర్చోబెట్టండి. "దిగుతాం" అనే అంటారు, వినకండి.

రెండు రోజులే ఉన్నాయి. మీరైతే ఎట్లా తిరుగుతారు?

మొదటి రోజు తెల్లవారకముందే బయల్దేరి 8 గంటలకల్లా ఉమామహేశ్వరం. మెట్లెక్కి దిగి, అచ్చంపేటలో భోజనం. మధ్యాహ్నం మన్ననూరు చేరి గదిలో దిగి, సాయంత్రం సఫారీ. రాత్రి త్వరగా పడుకోవాలి. రెండో రోజు పొద్దున 6కు గేటు తెరిచీ తెరవగానే మల్లెలతీర్థం, ఎండ ఎక్కకముందే పైకి. అక్కడి నుంచి ఆక్టోపస్ వ్యూపాయింట్ చూసి వెనక్కి. శ్రీశైలం దర్శనం కూడా ఇందులో ఇరికించాలని చూడకండి, దానికి ఇంకో రోజు పెట్టుకోండి.

మా కుక్కను తీసుకురావచ్చా? చాలా బుద్ధిమంతురాలు.

వద్దు. ఊరి కుక్కల జబ్బులు అడవిలో రేచుకుక్కలకు అంటుకుంటాయి. పైగా చిరుతపులికి కుక్క అంటే మహా ఇష్టం.